బాలిక్‌బాయన్ పెట్టెలో ఏముంటుంది? పరదేశంలో ఫిలిపినోల తిండి, ఇల్లు, స్నేహం

గల్ఫ్‌లోనో హాంకాంగ్‌లోనో కొన్నాళ్ళు ఉండొచ్చిన మనవాళ్ళని ఎవరినైనా అడగండి, ఫిలిపినోల గురించి రెండు సంగతులు తప్పకుండా చెప్తారు. ఒకటి, సెలవు దొరికితే చాలు గుంపుగా కూర్చుని తింటారని. రెండోది, గదిలో ఓ మూల పెద్ద అట్టపెట్టె పెట్టుకుని నెలల తరబడి అందులో ఏవేవో సర్దుతుంటారని. దుబాయ్ కరామాలో నేను బెడ్‌స్పేస్‌లో, అంటే పంచుకునే గదిలో ఒక మంచం అద్దెకి తీసుకుని, ఉన్నప్పుడు పక్క గదిలో నలుగురు ఫిలిపినోలు ఉండేవాళ్ళు, అందరికీ వంటిల్లు ఒక్కటే. వాళ్ళ పెట్టెలోకి సబ్బులు, టూత్‌పేస్టులు, డబ్బా మాంసం వెళ్తుంటే చూసి నాకు చాలాకాలం అంతు చిక్కలేదు. ఇవి మనీలాలో దొరకవా? దొరుకుతాయి. మరి సముద్రం మీద నెలా రెండు నెలలు ప్రయాణం చేయించి ఎందుకు పంపుతారు?

ఏటా సెప్టెంబర్ వచ్చేసరికి ఈ పెట్టెల గొడవ మళ్ళీ మొదలవుతుంది. ఫిలిప్పీన్స్‌లో పేరు చివర 'బర్' వచ్చే నెలలు మొదలైతే క్రిస్మస్ వచ్చేసినట్టే లెక్క, దుకాణాల్లో పాటలు కూడా అప్పుడే మొదలవుతాయి. పెట్టె పండక్కి ఇల్లు చేరాలంటే సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే ఓడ ఎక్కాలి. ఆలస్యాలు, పన్నుల మీద అనుమానాలు, మోసపోయామనే ఫిర్యాదులు అన్నీ ఆ రోజుల్లోనే బయటికొస్తాయి. వాటిని అర్థం చేసుకోవాలంటే పెట్టె దగ్గర ఆగితే చాలదు, వాళ్ళ కంచం దాకా వెళ్ళాలి.

ఎవరిని ఏమంటారు: ఓఎఫ్‌డబ్ల్యూ, బాలిక్‌బాయన్, కబాయన్

ఓఎఫ్‌డబ్ల్యూ అంటే ఓవర్సీస్ ఫిలిపినో వర్కర్. ఒప్పందం మీద రెండేళ్ళకో మూడేళ్ళకో పనికి వెళ్ళి, అది ముగిస్తే తిరిగి రావాల్సినవాళ్ళు. గల్ఫ్‌లో నర్సులు, సేల్స్ వాళ్ళు, ఇంటిపని చేసేవాళ్ళు, ఓడల మీద పనిచేసేవాళ్ళు అందరూ ఇందులోకే వస్తారు. బాలిక్‌బాయన్ వేరే మాట. 'బాలిక్' అంటే తిరిగి రావడం, 'బాయన్' అంటే ఊరు, దేశం. అమెరికా లాంటి చోట్ల స్థిరపడినవాళ్ళని ఒకసారి వచ్చి పొమ్మని పిలవడానికి 1973లో అప్పటి అధ్యక్షుడు మార్కోస్ ప్రభుత్వం పెట్టిన పథకంతో ఈ మాట వాడుకలోకి వచ్చింది. అలా వచ్చేవాళ్ళు మోసుకొచ్చిన పెట్టెకీ అదే పేరు పడింది, ఇప్పుడు మనిషి రాకపోయినా పెట్టె మాత్రం వెళ్తోంది. కబాయన్ అంటే మన ఊరివాడు, మన దేశంవాడు. పరాయి ఊళ్ళో టాక్సీలోనో సూపర్‌మార్కెట్ క్యూలోనో ముఖం చూసి పోల్చుకుని 'కబాయన్!' అని పలకరిస్తారు.

వీళ్ళని ఎక్స్‌పాట్స్ (పరదేశంలో ఉంటూ పనిచేసేవాళ్ళు) అనొచ్చా అన్నది ఇంకో చిక్కు. దుబాయ్‌లో లండన్ నుంచి వచ్చిన మేనేజర్‌ని ఎక్స్‌పాట్ అంటారు, మనీలా నుంచి వచ్చిన నర్సుని వర్కర్ అంటారు, ఇద్దరి వీసాకీ గడువు ఉంటుంది. మన దగ్గరా ఇదే తేడా ఉంది కదా, డల్లాస్‌లో ఉంటే ఎన్నారై, దోహాలో ఉంటే గల్ఫ్ కార్మికుడు. నేనైతే ఫిలిపినోలనీ ఎక్స్‌పాట్స్ అనే పిలుస్తాను, పొట్టకూటి కోసం పరాయి దేశంలో బతకడం ఆ మేనేజర్‌కీ ఈ నర్సుకీ ఒకటే కాబట్టి.

ఇంతమంది బయటికి వెళ్ళడం దానంతట అది జరగలేదు. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్‌లో పనులు పుట్టాయి, ఫిలిప్పీన్స్‌లో నిరుద్యోగం ఉంది, 1974 కార్మిక చట్టంతో ప్రభుత్వమే మనుషుల్ని బయటికి పంపే పని భుజానికెత్తుకుంది. కొన్నాళ్ళ ఏర్పాటు అనుకున్నారు. యాభై ఏళ్ళు దాటింది. 1988లో హాంకాంగ్‌లో ఇంటిపని చేసే ఆడవాళ్ళతో మాట్లాడుతూ అధ్యక్షురాలు కొరాజోన్ అక్వినో వాళ్ళని కొత్త వీరులు అంది, ఆ మాట అలాగే నిలిచిపోయింది. 2021లో వలస కార్మికుల కోసం ప్రత్యేక మంత్రిత్వ శాఖకి చట్టం చేశారు. 2024లో బ్యాంకుల ద్వారా ఆ దేశానికి చేరిన డబ్బే 3,449 కోట్ల డాలర్లు.

కంచంలో ఏముంది: మూడు మాటల అన్నం, చింతపండు పులుసు

ఇంగ్లీషులో రైస్ అంటే అన్నీ అయిపోయాయి. మనకి మాత్రం చేలో ఉన్నది వడ్లు, సంచిలో ఉన్నది బియ్యం, కంచంలో ఉన్నది అన్నం. ఫిలిపినోల తగలోగ్ భాషలోనూ సరిగ్గా ఇంతే: పలాయ్, బిగాస్, కానిన్. రాత్రి మిగిలిన చద్దన్నానికి బాహావ్ అనే పేరుంది, గిన్నె అడుగున అంటుకున్న మాడుకి తుతోంగ్ అని ఇంకో పేరు. చద్దన్నాన్ని పొద్దున్నే వెల్లుల్లి వేసి వేయిస్తే సినంగాగ్. అన్నంలోకి ఏం కలుపుకున్నా, ఏం నంజుకున్నా దాన్ని ఉలమ్ అంటారు. ఇంటికి ఎవరైనా వస్తే మొదటి మాట 'కుమాయిన్ కా నా?', అంటే తిన్నావా అని. ఇది తెలిశాక వాళ్ళు నాకు పరాయివాళ్ళలా అనిపించడం మానేశారు.

వాళ్ళ కూరలు చూస్తే ఇంకా దగ్గరవుతారు. సినిగాంగ్ అంటే చింతపండు పులుపుతో కాచిన పులుసు, అందులో పంది మాంసమో రొయ్యలో చేపో, దాంతోపాటు వంకాయ, బొబ్బర్ల కాయలు, తూటికూర. తినోలా అంటే అల్లం వేసిన కోడి పులుసు, అందులో మునగాకు దూస్తారు. మునగని వాళ్ళు మలుంగాయ్ అంటారు, చెవికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. బికోల్ ప్రాంతంలో చేమాకుల్ని కొబ్బరిపాలలో ఉడికించి లాయింగ్ చేస్తారు. ఇలోయిలో అనే ప్రాంతం వైపు కందులు, పంది మాంసం, పచ్చి పనసకాయ కలిపి వండుతారు. అందులో పులుపుకి బటువాన్ అనే కాయ వేయాలి, అది పరదేశంలో దొరకదు కాబట్టి చింతపండు పొడి ప్యాకెట్‌తో సరిపెట్టుకుంటారు. మా ఫ్లాట్‌లో వాళ్ళ ప్యాకెట్లు అయిపోయినప్పుడు నా చింతపండు డబ్బా వాళ్ళ స్టవ్ పక్కకి వెళ్ళేది.

మనకి నేరుగా చుట్టరికం ఉందనే వంటకం కూడా ఒకటుంది, కరే-కరే. వేరుశనగ గుజ్జులో ఎద్దు తోక, కూరగాయలు ఉడికించే కూర. 1762లో మద్రాసు నుంచి వెళ్ళిన ఆంగ్లేయ సేన మనీలాని పట్టుకుంది, 1764లో వదిలిపోయేటప్పుడు సిపాయిల్లో కొందరు తిరిగిరాకుండా మనీలా పక్కన కైంటా ఊళ్ళో ఉండిపోయారు. ఇంతవరకూ చరిత్ర. వాళ్ళ 'కర్రీ'యే కరే-కరే అయిందని కొందరంటారు, కాదు అది పంపాంగా ప్రాంతపు వంటవాళ్ళ సొంతమని మరికొందరంటారు. మాట చూస్తే మొదటిది నిజమే అనిపిస్తుంది, కానీ వంట చూస్తే మన మసాలా వాసన అందులో మచ్చుకైనా లేదు.

వంటిల్లు ఎవరిది: ఆదివారం రోడ్డు మీద భోజనం

ఇంత ఇష్టంగా తినేవాళ్ళు రోడ్డు మీద ఎందుకు కూర్చుంటారు? హాంకాంగ్ సెంట్రల్‌లో ఆదివారం వెళ్తే వేలమంది ఫిలిపినా ఆడవాళ్ళు చేటర్ రోడ్ మీద, హెచ్ఎస్‌బీసీ భవనం కింద, నడకదారుల్లో అట్టముక్కలు పరుచుకుని కనిపిస్తారు. ఇది అర్థం కావాలంటే ముందు ఆ చోటి నియమాలు తెలియాలి. 2003 నుంచి అక్కడ ఇంటిపనివాళ్ళు యజమాని ఇంట్లోనే ఉండాలన్నది వీసా షరతు. వారానికి ఒకరోజు సెలవు చట్టప్రకారం ఇవ్వాలి. అంటే సెలవు ఉంటుంది, ఆ రోజు గడపడానికి తనకంటూ గది ఉండదు. వంటిల్లు ఉంటుంది, అది యజమానిది. ఎండు చేపలు వేయిస్తే ఆ వాసన ఇల్లంతా పట్టుకుంటుంది, ఒకరింట్లో ఉంటూ ఆ పని చేయగలమా? అందుకే వారమంతా వాళ్ళకి వండి పెట్టి, వాళ్ళది తిని, ఆదివారం రోడ్డు మీద తన తిండి తింటుంది.

లెక్క వేసి చూద్దాం. 2024 సెప్టెంబర్ చివరి నుంచి ఏడాదిపాటు హాంకాంగ్‌లో ఇంటిపనివాళ్ళకి నెలకి కనీస జీతం 4,990 హాంకాంగ్ డాలర్లు ఉండేది, అప్పటి మన డబ్బులో దాదాపు 54 వేల రూపాయలు. తిండి పెట్టకపోతే యజమాని ఇవ్వాల్సిన భోజన భత్యం అప్పుడు నెలకి 1,236. రోజుకి 41 డాలర్లు అన్నమాట, ఆ ఊళ్ళో మామూలు హోటల్లో ఒక పూట భోజనానికే అంతకు మించి అవుతుంది. ఇలోయిలో నుంచి వెళ్ళిన ఒక ఆవిడ ఉందనుకుందాం, ఇద్దరు పిల్లలు అమ్మమ్మ దగ్గర. తిండి యజమాని ఇంట్లోనే. ఆ 4,990 జీతంలో 3,000 ఇంటికి పంపింది, అవి అక్కడ దాదాపు 22 వేల పెసోలు. ఏజెంటు అప్పుకి 600, స్నేహితులతో వేసిన చిట్టీకి 400, ఫోనుకీ బస్సుకీ ఆదివారం వంటకీ 500, పెట్టెలోకి కొనే సామానుకి 400. మిగిలింది 90. ఈ లెక్కలో ఆవిడ తన కోసం పెట్టుకున్నది ఆ ఆదివారం కూడే, ఒంటరిగా తింటే ఆ ఖర్చుతో అది రాదు. ఒకరు అడోబో తెస్తారు, వెనిగర్‌లోనూ సోయాలోనూ వెల్లుల్లితో ఉడికిన మాంసం రెండు రోజులున్నా పాడవదు కాబట్టి ముందురోజే వండుకోవచ్చు. ఇంకొకరు నూడుల్స్, మరొకరు అన్నం. నలుగురి డబ్బాలు కలిస్తే విందు.

కువైట్ ఇళ్ళల్లో పనిచేసే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఒకే ఇంట్లో మనావిడ ఒకరు, ఫిలిపినా ఒకరు పనిచేయడం అక్కడ మామూలే. ఒకరి భాష ఒకరికి రాకపోయినా వచ్చీరాని అరబ్బీలో మాట్లాడుకుంటూ, ఉన్న అన్నం పంచుకుని బతికినవాళ్ళు చాలామంది ఉన్నారు.

పెట్టె ఎలా పనిచేస్తుంది: బరువుకి కాదు, సైజుకి డబ్బు

ఇప్పుడు అసలు ప్రశ్న. ఓడలో వెళ్ళే పెట్టెకి మామూలుగా బరువు చూడరు, సైజుని బట్టి ధర. ఈ ఒక్క సంగతి తెలిస్తే పెట్టెలో ఏముంటుందో సగం అర్థమవుతుంది. బరువుకి డబ్బు లేనప్పుడు బరువైనవే పంపుతారు: స్పామ్, కార్న్‌డ్ బీఫ్ లాంటి డబ్బా మాంసం, షాంపూ, లోషన్, సబ్బులు. ఖాళీ వదిలితే ఆ చోటికి కట్టిన డబ్బు వృథా, అందుకని బూట్లలో సాక్సులు, సాక్సుల్లో చాక్లెట్లు, పక్కన మిగిలిన సందుల్లో కాఫీ ప్యాకెట్లు, తువ్వాళ్ళు. అలా నింపడానికి నెలలు పడుతుంది, ఆఫర్ వచ్చినప్పుడల్లా ఒకటి కొని వేస్తారు. చివర్లో ఒక్కో వస్తువు మీద పేరు రాస్తారు, ఇది అమ్మకి, ఇది చిన్న తమ్ముడికి, ఇది పక్కింటి నీనాంగ్‌కి (అంటే జ్ఞానస్నానమప్పుడు తల్లి వరసగా నిలబడినావిడ).

పన్ను సంగతి చాలామందికి గందరగోళం. 2016లో వచ్చిన కస్టమ్స్ చట్టం ప్రకారం ఓఎఫ్‌డబ్ల్యూలు తమవాళ్ళకి పంపే పెట్టెలకి లక్షా 50 వేల పెసోల విలువ వరకు సుంకం లేదు, ఏడాదిలో మూడుసార్లు ఈ వెసులుబాటు వాడుకోవచ్చు. అమ్మకానికన్నట్టు ఒకే వస్తువు పెద్దమొత్తంలో ఉండకూడదు. అంతకు ముందు పరిమితి 10 వేల పెసోలే. మారడానికి కారణం 2015 ఆగస్టు. దొంగ సరుకు వస్తోందని కస్టమ్స్‌వాళ్ళు పెట్టెల్ని కొన్నిటిని తెరిచి చూస్తామన్నారు. దేశదేశాల్లో ఉన్నవాళ్ళు భగ్గుమన్నారు, మా పిల్లల పేర్లు రాసి సర్దినదాంట్లో మీ చేతులు పెడతారా అని. చివరికి అధ్యక్షుడు బెనిగ్నో అక్వినో చేత్తో తెరవొద్దు, ఎక్స్‌రే చూడండి, అనుమానం వస్తేనే విప్పండి అని ఆదేశించాల్సి వచ్చింది. దొంగ సరుకు భయం నిజమైనదే, ఖజానా నష్టమూ నిజమే. కాకపోతే అధికారులకి అది సరుకు, పంపినవాళ్ళకి ఇంటి సంగతి, ఈ రెండూ ఒకే అట్టపెట్టెలో ఉన్నాయి.

2022లో ఇంకో దెబ్బ తగిలింది. విదేశాల్లో డబ్బు తీసుకున్న కొందరు ఏజెంట్లు మనీలాలో పెట్టెలు విడిపించి ఇళ్ళకి చేర్చేవాళ్ళకి ఇవ్వాల్సింది ఇవ్వలేదు, వేల పెట్టెలు రేవులో పడి ఉండిపోయాయి. ఆఖరికి ప్రభుత్వమే ఉచితంగా ఇళ్ళకి చేర్చే పని పెట్టుకుంది.

డబ్బు పంపితే పోలేదా: రెండు వైపుల వాదన

ఆ డబ్బేదో నేరుగా పంపితే కావాల్సింది అక్కడే కొనుక్కుంటారు కదా అని లెక్కలు తెలిసినవాళ్ళు అంటారు. సరైన మాటే. కార్న్‌డ్ బీఫ్ డబ్బా ఇలోయిలో సూపర్‌మార్కెట్‌లోనూ ఉంది. దీనికి ఇంటివైపు నుంచి వచ్చే జవాబు వేరు. పంపిన 22 వేల పెసోలు కరెంటు బిల్లుకీ స్కూలు ఫీజుకీ బియ్యానికీ పోతాయి, నెలాఖరుకి వాటి ఆనవాలు ఉండదు. అమ్మ పేరు రాసి పంపిన చెప్పుల జత ఏడాదంతా కాలికుంటుంది. పెట్టె విప్పినప్పుడు వచ్చే వాసన, సబ్బు, కాఫీ, కొత్త బట్ట అన్నీ కలిసిన ఆ వాసన, దాన్ని 'అబ్రాడ్ వాసన' అంటారు, పెద్దయ్యాక కూడా మరిచిపోరు. మనకి దుబాయ్ నుంచి వచ్చిన మామయ్య సూట్‌కేస్ విప్పినప్పటి అత్తరు, ఖర్జూరాల వాసన గుర్తున్నట్టే.

రెండో వాదన ఇంకా లోతైనది, దాన్ని ఒక్క ముక్కలో తేల్చడం అన్యాయం. ఫిలిపినోలు 'ఊతాంగ్ నా లోఒబ్' అంటారు, మనసులోని రుణం అని చెప్పుకోవచ్చు. కని పెంచినందుకు, చదివించినందుకు, కష్టంలో నిలబడినందుకు తీర్చుకోవాల్సిన రుణం, అంకెల్లో ఉండదు కాబట్టి పూర్తిగా తీరదు. దీన్నే కొందరు కుటుంబాన్ని నిలబెట్టే దారం అంటారు. పెద్ద కూతురు హాంకాంగ్ వెళ్ళి ముగ్గురు తమ్ముళ్ళని చదివిస్తే, వాళ్ళలో ఒకరు నర్సై తర్వాత ఆమె పిల్లల్ని చూసుకుంటారు, ఈ వరుస నిజంగానే నడుస్తోంది. ఇంకొందరు ఇదే దారం మెడకి చుట్టుకుంటోందంటారు. అక్కడ జీతం రాలేదన్నా ఇక్కడ నమ్మరు, పండక్కి పెట్టె రాకపోతే చుట్టాలు అలుగుతారు, ఇంట్లో టెన్షన్ పడతారని ఒంట్లో బాగాలేని సంగతి కూడా చెప్పుకోలేక అప్పు చేసి పంపేవాళ్ళున్నారు. 'కొత్త వీరులు' అన్న బిరుదు కూడా ఇలాగే రెండువైపులా కోస్తుంది: గౌరవం ఇచ్చింది, ఊళ్ళో పని కల్పించాల్సిన ప్రభుత్వ బాధ్యతని కనబడకుండా చేసిందనే విమర్శా ఉంది.

నాకు ఈ రెండో వాదనలో పిల్లల సంగతి దగ్గర మనసు ఆగిపోతుంది. మూడేళ్ళ తర్వాత సెలవుకి వచ్చిన తల్లిని చూసి బిడ్డ లోలా, అంటే అమ్మమ్మ, వెనక్కి వెళ్ళి దాక్కున్న కథలు అక్కడ ఇంటింటా ఉన్నాయి. ఆ బిడ్డకి పెట్టె తెలుసు, గొంతు తెలుసు, ఫోనులో ముఖం తెలుసు. పక్కన పడుకుంటే ఎలా ఉంటుందో తెలియదు. పెట్టె ఆ లోటు తీరుస్తుందని ఎవరూ అనరు, తీర్చలేదని తెలిసే అంత గట్టిగా నింపుతారు.

బర్కాడా అంటే పడవలో అందరూ: స్నేహమే చుట్టరికమయ్యే తీరు

స్నేహితుల గుంపుని వాళ్ళు బర్కాడా అంటారు. స్పానిష్‌లో పడవకి పట్టేంత మంది అని అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. పరదేశంలో బర్కాడాకి చాలా పనులున్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళకి బెడ్‌స్పేస్ చూడటం, జ్వరమొస్తే గంజి కాచివ్వడం, యజమాని జీతం ఆపితే ఎక్కడ ఫిర్యాదు చేయాలో చెప్పడం. పెద్దామెని ఆతే అని, పెద్దాయనని కూయా అని పిలుస్తారు, మన అక్క, అన్న లాగే రక్తసంబంధం లేకపోయినా. మా వంటింట్లో నెల తిరక్కుండానే నేనూ కూయా అయిపోయాను.

ఈ గుంపులోనే పలువాగన్ నడుస్తుంది, అంటే చిట్టీ. పదిమంది నెలకి 500 దిర్హామ్‌ల చొప్పున వేస్తే, నెలకొకరు 5,000 ఎత్తుకుంటారు, పది నెలలకి చుట్టు పూర్తి. మన చిట్టీలకీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మన దగ్గర ఎక్కువగా పాట ఉంటుంది, అవసరమున్నవాళ్ళు తగ్గించి పాడుకుంటే మిగిలినవాళ్ళకి లాభం వస్తుంది. పలువాగన్‌లో మామూలుగా పాట ఉండదు, చీటీ తీసో మాట్లాడుకునో వరుస వేసుకుంటారు, ఎవరికీ వడ్డీ లేదు, నష్టమూ లేదు. మొదట ఎత్తుకున్నవాళ్ళకి వడ్డీలేని అప్పు, చివర ఎత్తుకునేవాళ్ళకి దాచుకున్న డబ్బు. కాగితం ఉండదు. కాబట్టి ముందే ఎత్తుకున్నవాళ్ళు వీసా రద్దయి వెళ్ళిపోతే డబ్బుతోపాటు స్నేహమూ పోతుంది, ఆ దెబ్బ తిన్నవాళ్ళు మళ్ళీ ఆదివారం అదే అట్ట మీద కూర్చోలేరు.

'ఫర్ గుడ్' వెళ్ళిపోయాక

ఇక చాలు, ఊళ్ళోనే ఉంటాను అని తిరిగి వెళ్ళిపోవడాన్ని వాళ్ళు తగలోగ్‌లో కూడా 'ఫర్ గుడ్' అనే అంటారు. మనం ఉదాహరణకి తీసుకున్న ఆవిడ పదిహేనేళ్ళ తర్వాత అలా ఇలోయిలో వెళ్ళిందనుకుందాం. కందులూ పనసకాయా బటువాన్ కాయా ఇప్పుడు పెరట్లోనే ఉన్నాయి. ఇంట్లో వంట మాత్రం తన తల్లి వండినట్టు కూడా లేదు, మారిపోయింది, పిల్లలకి కోడి వేపుడు, తియ్యటి స్పగెట్టీ కావాలి. తనకేమో పదిహేనేళ్ళు వేరేవాళ్ళకి వండీ వండీ హాంకాంగ్‌వాళ్ళ కాంటనీస్ పులుసుల రుచి నాలుకకి పట్టేసింది, వర్షం పడితే అది తాగాలనిపిస్తుంది, ఆ మాట ఇంట్లో ఎవరికి చెప్పినా అర్థం కాదు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళకి బిర్యానీ, షవర్మా దగ్గర ఇదే జరుగుతుంది.

ఇప్పుడు ఇంటికి పెట్టె రావడం లేదు, పంపే మనిషి ఇంట్లోనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగుతుంది. గ్రూపులో ఫొటో వచ్చింది: చేటర్ రోడ్, అట్టముక్క, అడోబో డబ్బా, నలుగురు కూర్చున్నచోట ఇప్పుడు ముగ్గురు. కింద ఒక్కటే ప్రశ్న, 'ఆతే, తిన్నావా?'